ఎవరి సారె?

తెలుగు నిఘంటువు తెరిచి 'సారె' అన్న మాట చూడండి. రెండు అర్థాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు వెంట పెట్టే పసుపు కుంకుమలు, చీరలు, చలిమిడి, అరిసెలు. రెండోది, కుమ్మరి కుండలు చేసే చక్రం. మొదటి సారె స్త్రీది, కనీసం పేరుకి. (అత్తింటి వాకిట్లో దించగానే వీధివీధంతా పంచిపెట్టాల్సిందే తప్ప ఆమె దాచుకునేది అందులో ఎంతో ఉండదు.) రెండో సారె ఏ స్త్రీదీ కాదు. కుమ్మరి ఇంట పుట్టి కుమ్మరి ఇంటికే కోడలిగా వెళ్లే పిల్లకి మొదటి సారె పెట్టి పంపుతారు. ఆమె వెళ్లిన ఇంట్లో రెండో సారె ఉంటుంది. దాని మీద ఆమె చెయ్యి వెయ్యకూడదు.

పెళ్లిళ్లలో ఐరేని కుండలు చూసిన వాళ్లకి ఇందులోని వింత ఇంకాస్త బాగా తెలుస్తుంది. రంగులద్దిన ఆ కుండల్ని తెలంగాణలో మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్లి తెచ్చుకుంటారు. ఉత్తరాదిన రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల్లో అయితే పెళ్లింటి ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ వెళ్లి నేరుగా కుమ్మరి చక్రానికే పూజ చేస్తారు. 'చాక్ పూజ' అంటారు దాన్ని. పసుపూ కుంకుమా పెట్టడానికి ఆడవాళ్ల చేతులు పనికొస్తాయి. తిప్పడానికి పనికిరావు. పూజించడానికి అర్హత ఉండి వాడడానికి అర్హత లేని వస్తువులు మన సంస్కృతిలో ఇదొక్కటే కాదనుకోండి.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. ఒక తుప్పు పట్టిన చక్రంలోంచి వచ్చింది. నా పరిశోధన మధ్యయుగపు తెలుగు కవయిత్రుల మీద. 'కుమ్మరి మొల్ల' అన్న మాటని వందలసార్లు రాసి ఉంటాను. ఆ పేరులోని మొదటి సగం అంటే ఏమిటో, దాని వెనక ఏ పని ఉందో తెలుసుకోవాలని మట్టిపని నేర్చుకోవడం మొదలుపెట్టాను. సికింద్రాబాదు వైపు ఒక పాత పెంకుటింటి వెనక షెడ్డుని ఆరుగురం స్త్రీలం కలిసి అద్దెకు తీసుకుని నడుపుతున్నాం. ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒక బ్యాంకు ఉద్యోగిని, ఒక చిత్రకారిణి, ఉద్యోగ విరమణ చేసిన ఒక డాక్టరు, నేను. కరెంటు చక్రాలు రెండు, కాలితో తన్ని తిప్పే చక్రం ఒకటి. ఆ మూడోది ఎప్పుడో మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి పాత ఇనుము ధరకి కొన్నది. పోత ఇనుము చక్రం, కింద తన్నడానికి బరువైన మరో చక్రం, రెంటినీ కలిపే నిలువు షాఫ్టు.

ఉమ్మడి ఆస్తికి పట్టే గతే దానికీ పట్టింది. అందరూ వాడతారు, తుడిచే వాళ్లు ఉండరు. పని అయ్యాక చక్రం మీద మిగిలిన బురదనీళ్లు షాఫ్టు వెంబడి జారి బేరింగులోకి దిగాయి. గ్రీజు కాస్తా అడుసు అయింది. పై పలక తుప్పు పట్టి, చర్మం లేచినట్టు పొరలు పొరలుగా రాలుతోంది. అరిగిన బేరింగు వల్ల చక్రం తిరుగుతుంటే కొద్దిగా తల ఊపుతుంది. ఆ కొద్దిపాటి ఊపు చాలు, ముద్ద నడిమికి రాదు. ముద్ద నడిమికి రాకపోతే ఆపైన ఏదీ లేవదు, ఒక పక్క గోడ మందం, ఒక పక్క పలచన. ఇక తుప్పు సంగతి. తెల్లమట్టితో పనిచేసే మా డాక్టరుగారి గిన్నెల మీద కాల్చాక గోధుమరంగు చుక్కలు తేలాయి. ఇనుప చక్రం నుంచి రాలిన రజను అది. అదే రజను మా ఎర్రమట్టిలో కలిస్తే ఎవరికీ కనపడదు. ఎందుకంటే కుండకి ఎరుపు ఇచ్చేది కూడా మట్టిలోని ఐరన్ ఆక్సైడే. ఒకచోట దోషం, ఒకచోట రంగు.

దాన్ని అమ్మేసి మూడో కరెంటు చక్రం కొందామని నలుగురన్నారు. బాగు చేయిద్దామని ఇద్దరం అన్నాం. బాగు చేసే మనిషిని వెతుక్కుంటూ నగరం శివార్లలోని కుమ్మరి ఇళ్లకు తిరిగినప్పుడు, ఒక ఇంటి వసారాలో సారె పక్కనే కూచుని మట్టిలో రాళ్లు ఏరుతున్న స్త్రీని, 'మీరు కూడా చేస్తారా అమ్మా?' అని అడిగాను. ఆమె నా వంక జాలిగా చూసి, 'ఆడోళ్లు సారె ముట్టరు బిడ్డా' అంది. ఆమె చేతులు మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి.

ఆ చేతులు చేసే పని ఎంతో ఒకసారి వరసగా చెప్పుకోవాలి. చెరువు మట్టి తవ్వకానికి మగవాళ్లతో పాటు వెళ్లడం, తట్టలకెత్తి మోయడం, ఎండబెట్టి కొట్టి జల్లించడం, వేళ్లూ రాళ్లూ ఏరడం, నీళ్లు మోసుకొచ్చి నానబెట్టడం, బూడిదో ఇసుకో కలిపి తొక్కడం, ముద్దలు చేసి సారె దాకా అందించడం. అక్కడ ఆమె పని ఆగుతుంది. చక్రం మీద ముద్ద కుండగా లేచే ఆ కాసేపు మాత్రం అతని పని. మళ్లీ కుండ దిగగానే ఆమెది మొదలు. నీడలో ఆరబెట్టడం, ఎండకు మార్చడం, ఎర్రమట్టి పూత పుయ్యడం, గవ్వతోనో గులకరాయితోనో రుద్ది నునుపు చెయ్యడం, ఆవానికి పిడకలూ చెత్తా పోగెయ్యడం, పేర్చడంలో చెయ్యందించడం, చల్లారాక బూడిదలోంచి తీసి పగిలినవీ పగలనివీ వేరు చెయ్యడం, గంపకెత్తుకుని సంతకు పోవడం, బేరమాడడం, మిగిలినవి మోసుకుని తిరిగి రావడం. 'కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు' అని సామెత. ఆ ఏడాదిలో ఎన్ని నెలలు కుమ్మరి భార్యవో సామెత లెక్కపెట్టలేదు. అయినా ఊళ్లో 'కుమ్మరి' అని పిలిచేది అతన్నే. ఆమె కుమ్మరోళ్ల ఆమె.

ఇది నా ఊహ కాదు. బైద్యనాథ్ సరస్వతి, నవకిశోర్ బెహురా దేశమంతా తిరిగి కుండల తయారీ పద్ధతులను నమోదు చేసిన గ్రంథాన్ని ఆంత్రోపొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1966లో ప్రచురించింది. చక్రాల రకాలు, ఇరుసుల రకాలు, చెక్కతో తట్టే పద్ధతులు, ఆవాల కొలతలు అన్నీ ఉన్న అపురూపమైన పని అది. అలాంటి పుస్తకాలు చదువుతున్నప్పుడు మనం ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ వేసి చదవాలి. చక్రం గురించి చెప్పేటప్పుడు పేజీలు సాగుతాయి. మట్టి సిద్ధం చెయ్యడం దగ్గర వాక్యాలు పొట్టివవుతాయి. చక్రం 'సాంకేతికత' అయింది, జల్లెడ 'సహాయం' అయింది. 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన 'శ్రమశక్తి' నివేదిక అసంఘటిత రంగంలోని స్త్రీల గురించి చెప్పిన ముఖ్యమైన మాట ఇదే కదా. ఇంటి వృత్తుల్లో ఆమె చేసే పని పనిగా లెక్కలోకి రాదు. లెక్కలోకి రాదు కాబట్టి అప్పుకీ, శిక్షణకీ, పనిముట్టుకీ ఆమె పేరు రాదు.

ఎందుకు ముట్టకూడదు అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. బలం చాలదు అనేది మొదటిది. బరువైన చక్రాన్ని కర్రపెట్టి గిరగిరా తిప్పి, అది వేగం తగ్గేలోగా వంగి పని చెయ్యాలంటే నిజంగానే బలం కావాలి. కానీ తడిమట్టి తట్ట నెత్తికెత్తుకుని చెరువు గట్టెక్కడానికి ఏం కావాలి? ఈ వాదన ఎంత పలచనిదో అది చెప్పేవాళ్లకే తెలుసు. అందుకే రెండో జవాబు వెంటనే వస్తుంది. మైల. సారె దేవుడిచ్చింది, బహిష్టయ్యే మనిషి దాన్ని తాకితే కుండలు నిలవవు, ఆవం పగులుతుంది. ఇదే మాట నాగలి గురించి విన్నాం. ఆడది నాగలి పడితే వానలు కురవవు. కలుపు తియ్యొచ్చు, నాట్లెయ్యొచ్చు, కోతలు కొయ్యొచ్చు. చాలాచోట్ల మగ్గం గురించీ ఇదే తీరు. కండెలు చుట్టడం ఆమెది, గుంటలో కూచుని నేసిన చీర మాత్రం అతనిది. నాగలి, మగ్గం, సారె. రైతు, నేతగాడు, కుమ్మరి అన్న పేర్లు వీటి మీద కూచున్న వాళ్లకే వచ్చాయి. మైల ఉన్నది స్త్రీ దేహంలో కాదు, పేరూ హక్కూ ఎక్కడ అంటుకుని ఉన్నాయో సరిగ్గా అక్కడే మైల గీత గీశారు.

ఈ గీత మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. చక్రం వచ్చాక కుండల పని మగవాళ్ల ప్రత్యేక వృత్తి అయిందని, అంతకు ముందు చేత్తో కుండలు చేసింది స్త్రీలని పురాతత్వ శాస్త్రజ్ఞుడు గోర్డన్ చైల్డ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలోనే రాశాడు. ఆయన చెప్పిన తీరు మరీ సూటిగా ఉందని తర్వాతి వాళ్లు అభ్యంతరాలు చెప్పారు. అయినా చేత్తో చేసే చోట స్త్రీలు, చక్రం ఉన్నచోట పురుషులు అన్న విభజన ప్రపంచంలో చాలాచోట్ల కనిపిస్తూనే ఉంది. మన దేశంలోనే మణిపూర్‌లోని ఆంద్రో గ్రామం చూడండి. అక్కడ కుండలు చేసేది స్త్రీలే, చక్రం లేకుండా. చక్రం లేదు కాబట్టి నిషేధమూ లేదు, మొత్తం పనీ ఆమెదే, పేరూ ఆమెదే.

ఆధునికులమని చెప్పుకున్న వాళ్లూ తక్కువ తినలేదు. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్ కళాశాల స్త్రీ పురుష భేదం చూడమని ప్రకటించుకుంది. ఆడపిల్లలు పెద్దసంఖ్యలో చేరేసరికి కంగారుపడి, వీలైనంతవరకు వాళ్లను నేత విభాగానికి మళ్లించింది. మట్టిపని విభాగంలో పట్టుబట్టి నిలబడిన మార్గరీటె ఫ్రీడ్‌లెండర్ 1920ల మధ్యలో ఆ దేశంలో కుండల పనిలో 'మాస్టర్' అర్హత పొందిన తొలి స్త్రీ అయింది. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1933లో ఆమె దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. చివరికి కాలిఫోర్నియాలో తన సొంత బడి పెట్టుకుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మనిషి మాత్రం నైజీరియాకు చెందిన లాడి క్వాలి. ఆమె గ్వారి తెగ స్త్రీ. చిన్నప్పుడే మేనత్త దగ్గర చేత్తో కుండలు చెయ్యడం నేర్చుకుంది. గ్వారి స్త్రీలు కుండ చేసే పద్ధతి చూడాలి. కుండ కదలదు. దాని చుట్టూ నడుం వంచి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ స్త్రీ తిరుగుతుంది. అంటే ఆ ఏర్పాటులో సారె ఆమె దేహమే. బ్రిటిష్ కుమ్మరి మైఖేల్ కార్డ్యూ వలస ప్రభుత్వం తరఫున అబూజాలో పెట్టిన శిక్షణ కేంద్రంలో అందరూ మగపిల్లలే. చక్రం, గ్లేజు, పెద్ద కొలిమి అన్నీ 'ఆధునికం' కదా మరి. ఆ ఊరి ఎమీర్ భవనంలో లాడి క్వాలి కుండలు చూసి అబ్బురపడిన తర్వాత గానీ ఒక స్త్రీ అక్కడ అడుగుపెట్టలేకపోయింది. 1954లో ఆమె చేరింది. చక్రం నేర్చుకుంది, దాని మీద బాగానే చేసింది. కానీ ప్రపంచమంతా ఆమెను గుర్తించింది చక్రం లేకుండా, తన పాత పద్ధతిలో చేసి కొలిమిలో కొత్తగా కాల్చిన పెద్ద కుండల వల్ల. ఆమె వెనక మరికొందరు గ్వారి స్త్రీలు ఆ కేంద్రానికి వచ్చారు. ఆమె 1984లో చనిపోయింది. 2007లో వచ్చిన 20 నైరాల నోటు వెనక ఆమె బొమ్మ ఉంది. కార్డ్యూ గురువు, లాడి క్వాలి అతను కనిపెట్టిన ప్రతిభ అన్నట్టు రాసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. కుండ ఎలా చెయ్యాలో ఆమెకు అతను నేర్పలేదు. ఎక్కడ చెయ్యొచ్చో అన్న తలుపు ఒకటి తీశాడు, ఆ తలుపు మూసింది కూడా అతని పాలకులే.

మన మొల్ల దగ్గరికి వద్దాం. పదహారో శతాబ్దపు కవయిత్రి అని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. సుజీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటిలో ఆమెకు స్థానం దక్కింది. తనకు శాస్త్రాలూ ఛందస్సూ తెలియవని, శ్రీకంఠ మల్లేశ్వరుడి వరం వల్లే కవిత్వం అబ్బిందని అవతారికలో ఆమె చెప్పుకున్న మాటలను వినయంగా తీసుకున్న విమర్శకులున్నారు, నిజమేనని నమ్మినవాళ్లూ ఉన్నారు. తన రామాయణాన్ని ఏ రాజుకీ అంకితమివ్వలేదన్నది అందరూ మెచ్చుకునే విషయం. నాకు మాత్రం ఆ పేరు ముందున్న 'కుమ్మరి' దగ్గరే చూపు ఆగుతుంది. లోకం ఆమెను కుమ్మరి మొల్ల అన్నది, గంటం పట్టిన తర్వాత. అంటే సారె తిప్పకుండానే ఆమెకు ఆ పేరు దక్కింది. కవిత్వం రాయని ఆమె అక్కచెల్లెళ్లకి, మేనత్తలకి, జీవితమంతా మట్టి తొక్కినా దక్కని పేరు అది. గంటం ముట్టడం సారె ముట్టడం కన్నా తేలిక అని నేననడం లేదు. రెండూ చక్రాలే, రెంటికీ కాపలా ఉంది. అయితే మనం, సాహిత్యం చదువుకున్న వాళ్లం, మొల్ల చేతిలోని గంటం మీద రాసినన్ని పేజీలు మొల్ల ఇంటి వసారాలోని పని మీద రాయలేదు. కంచ ఐలయ్య పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' 2007లో వచ్చినప్పుడు, కుండ చెయ్యడాన్ని శాస్త్రంగా, జ్ఞానంగా చెప్పిన ఆ ధోరణి చూసి నేను సంతోషించాను. ఆ జ్ఞానంలో సగం ఎవరి చేతుల్లో ఉందో చెప్పే పని స్త్రీవాదులది. అది మనం ఇంకా మొదలుపెట్టనే లేదు.

సిల్వరు గిన్నెలు వచ్చాయి. స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి, ఫ్రిజ్‌లు వచ్చాయి. గురుగులు, పటువలు, రంజన్లు, దుత్తలు, బానలు ఒక్కొక్కటే వంటింట్లోంచి తప్పుకున్నాయి. బోనం కుండ కూడా చాలా ఇళ్లలో ఇత్తడిదో స్టీలుదో అయింది. ఎండాకాలం కూజాలు, దీపావళి ప్రమిదలు, వినాయక చవితి బొమ్మలు, నర్సరీల వాళ్ల గోలేలు మిగిలాయి. మగవాళ్లు లేత్ షాపులకీ, ఆటోలకీ, భవన నిర్మాణానికీ వెళ్లిపోయారు. ఇక్కడే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. పనిముట్టుకి విలువ ఉన్నంతకాలం దానికి మైల అంటుతుంది. విలువ పోయాక మైల కూడా పోతుంది. సారె మూల పడేసినప్పుడు ఆడవాళ్లు దాని దగ్గరికి రావచ్చు.

కేరళలో నిలంబూరు దగ్గర అరువాకోడ్ అని కుమ్మరుల ఊరు ఉంది. వాళ్లు ఎప్పుడో తెలుగునేల నుంచి వలస వెళ్లినవాళ్లు, ఇళ్లలో మాట్లాడుకునేది ఒక రకమైన తెలుగే. కుండలకి గిరాకీ పోయాక అక్కడి కొందరు స్త్రీలు దేహాన్ని అమ్ముకునే స్థితికి వచ్చారని 1990లలో పత్రికలు రాశాయి. ఊరి పేరు రాశాయి, కులం రాశాయి. డబ్బిచ్చి వచ్చినవాళ్లది ఏ ఊరో, ఏ కులమో రాసినట్టు నాకెక్కడా కనపడలేదు. కె.బి. జినన్ అనే డిజైనరు అక్కడికి వెళ్లి 'కుంభం' పేరుతో పని మొదలుపెట్టాడు. గోడ పలకలు, దీపాలు, కుడ్యచిత్రాల వంటి టెర్రకోట పనులు చెయ్యడంలోకి స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చారు. గమనించండి, అవి చాలావరకు చేత్తో చేసేవి. చక్రం దాటకుండా, చక్రం పక్కనుంచి దారి తీశారు. తప్పని నేననను. ఆకలి ముందు చక్రం కోసం పోట్లాడమని చెప్పడానికి నేనెవర్ని?

2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరుల కోసం ఒక పథకం పెట్టి కరెంటు చక్రాలు పంచడం మొదలుపెట్టింది. కర్రతో తిప్పే బలం ఇప్పుడు అక్కర్లేదు. మీట నొక్కితే తిరుగుతుంది. బలం వాదన దానితో ముగిసిపోవాలి. ఆ శిక్షణల్లో స్త్రీలు చక్రం ముందు కూచుంటున్నారు. ఇది చిన్న విషయం కాదు. ఆ యంత్రం ఇంట్లోకి వచ్చాక ఎవరి పేరు మీద ఉంటుంది, ఎవరు తిప్పుతారు, ఎవరు మట్టి జల్లిస్తారు అన్నవి అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్నలు.

మా తుప్పు చక్రానికి చివరికి వైద్యం దొరికింది. తండ్రి సారె తిప్పినవాడే, తను మాత్రం లేత్ షాపులో పనిచేసే ఒక నలభై ఏళ్ల అతను వచ్చి చూశాడు. షాఫ్టు ఊడదీసి కిరసనాయిలులో నానబెట్టాడు, వైరు బ్రష్షుతో గీకాడు, ఎమెరీ కాగితంతో రుద్దాడు. అరిగిపోయిన బేరింగు రాణిగంజ్‌లో దొరికింది. పై పలకను లేత్ మీద ఒక పొర తిప్పించి చదును చేయించాడు. గుంటలు పడిన చోట్ల కొన్ని మచ్చలు ఉండిపోయాయి, పని ఆగేంతవి కావు. మొత్తం ఖర్చు కొత్త చక్రంలో పదో వంతు కూడా కాలేదు, అందుకని అమ్మేద్దామన్నవాళ్లు కూడా మెత్తబడ్డారు.

బిగించడానికి వచ్చిన రోజు అతనితో పాటు వాళ్లమ్మ కూడా వచ్చింది. జల్లించిన మట్టి బస్తాలు మా షెడ్డుకి తెచ్చేది ఆమే, అప్పటికి రెండుసార్లు తెచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఆరుగురం ఆడవాళ్లం చక్రాల మధ్య తిరుగుతుంటే కాసేపు గుమ్మంలోనే నిలబడి, 'ఈడ మొగోళ్లెవరు లేరా బిడ్డా?' అని అడిగింది. లేరన్నాను. వచ్చి చక్రం మీద చెయ్యి వేసి చూసింది.

'అమ్మా, సారె అది' అన్నాడు కొడుకు, స్పానరు పట్టుకునే.

'సారెట్లయితదిరా? మిషను. మీ నాయన సారె ఇంట్ల ఉన్నది. దాన్ని ముట్టిన్నా నేను ఎన్నడన్న?'

కూచుంది. మొదటి ముద్ద జారి పక్కకి పడింది. రెండోది ఊగింది. మూడోది నడిమికి వచ్చింది. నాకు ఆ పని రావడానికి నాలుగు నెలలు పట్టింది. నలభై ఏళ్లు పక్కనే కూచుని చూసిన కళ్లు ఆమెవి. మట్టిలో నీళ్లు ఎంత ఉండాలో, ఎప్పుడు లొంగుతుందో ఆ చేతులకి ముందే తెలుసు. తిరగడం ఒక్కటే కొత్త. ఒక గురిగి తీసింది, మూతి కొంచెం వంకరగా. అటూ ఇటూ తిప్పి చూసి, నలిపి మళ్లీ ముద్ద చేసి తొట్టిలో పడేసింది. మేమంతా 'అయ్యో' అన్నాం. 'పచ్చిదేగా' అంది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఉండిపోయాను. ఇనుముకీ బేరింగుకీ కట్టుబాటు వర్తించదు. ఆమె నిషేధాన్ని దాటలేదు, ఎదిరించలేదు. నిషేధం ఎంతవరకు ఉందో కొలిచి, దాని అవతల కూచుంది. మనం చదువుకున్న సిద్ధాంతాల్లో దీనికి పెద్ద పేర్లు ఉన్నాయి. వాటిలో ఏదీ ఆమె 'మిషను' అన్న మాటంత తేలిగ్గా లేదు.

ఆ తర్వాతి వారం మా సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఆమె వారానికి రెండు రోజులు వచ్చి మట్టి జల్లించి తొక్కి ముద్దలు చేసి పెడితే రోజుకూలి ఇద్దామని. మనకు చక్రం మీద సమయం మిగులుతుంది, ఆమెకు ఆదాయం. 'ఆమెకు వచ్చిన పని అదే కదా' అంది ఒక మిత్రురాలు, మంచి మనసుతోనే. నేను ఒప్పుకోలేదు. మేము ఆరుగురం, మాలో కుమ్మరి ఇంట పుట్టినవాళ్లు ఎవరూ లేరు. మాకు ఏ అత్తా సారె ముట్టొద్దని చెప్పలేదు, ఎందుకంటే మా ఇళ్లలో అది లేదు, దాని మీద తిండి లేదు. మేము అద్దె కట్టి చక్రం మీద కూచుని, ఆమెను మళ్లీ జల్లెడ దగ్గరే కూచోబెడితే, ఆ వసారాలో ఉన్న ఏర్పాటునే ఇక్కడికి తెచ్చి, మగవాడి చోట మేం కూచున్నట్టు. ఊరి బయటి నుంచి వచ్చి మాకు రెండు రోజుల శిక్షణ ఇచ్చిన ఒక కళాకారుడికి ఇచ్చిన రుసుము ఎంతో, ఈమెకు ఇద్దామంటున్న కూలి ఎంతో పక్కపక్కన రాసి చూపించాను. ఆమె చేత్తో చేసే గోలేల పద్ధతి నేర్పితే అదే రుసుము ఇద్దామన్నాను. గంటన్నర వాదించుకున్నాం. డబ్బు చాలదన్నది నిజమే. సానుభూతి మాటున కులం నడుస్తుందన్నదీ నిజమే. ఆ రెండో మాట అన్నందుకు ఒకరు నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. చివరికి, ఆమెనే అడుగుదాం అని ఎవరో అన్నారు.

అడిగాం. ఆమె బస్తా దించి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని, రెండు ప్రతిపాదనలూ విన్నది. 'తొక్కనీకి రాను బిడ్డా, మోకాళ్లు నొస్తయి. దానికి పిలగాండ్లను పెట్టుకోండ్రి' అంది. గోలెం చేసుడు చూపిస్తానంది, కానీ మంగళవారం సంత ఉంటుంది కాబట్టి ఆ రోజు రానంది. రుసుము సంగతి కొడుకుని అడగాలా అని మేమంటే, 'వాడెందుకు?' అని నావైపు చూసింది. మట్టి బస్తాకి 20 రూపాయలు పెంచమంది. ఆటోవాడు పెంచాడట.